నజరేతులో పదునెనిమిది ఏండ్లు

ధ్యాన భాగము: లూకా సువార్త 2వ అధ్యాయము, 41 మొదలు 52 వరకు



పండ్రెండేండ్ల బాలుడైన యేసు యెరూషలేము దేవాలయములో బోధకుల నడుమ కూర్చుండి, వారి మాటలు ఆలకించుచు వారిని ప్రశ్నలడిగిన సంగతి మన ఆదివారపు బడి పిల్లలందరు ఎరిగినదే. అటు తరువాత యొర్దాను నదియొద్ద ఆయన మరల మనకు కనబడునప్పటికి ఆయనకు ఇంచుమించు ముప్పది ఏండ్లు (లూకా 3:23). నడుమ పదునెనిమిది ఏండ్లు గడచినవి. ఆ పదునెనిమిది ఏండ్లను గూర్చి లూకా వ్రాసినది రెండు వచనములు మాత్రమే. తలిదండ్రులకు లోబడి నజరేతులో ఉండెనని ఒకటి. బుద్ధి పెరిగెను, ఒడలు పెరిగెను, దేవునికి ప్రియుడాయెను, మనుష్యులకును ప్రియుడాయెనను భావముగలది మరియొకటి.

రక్షకుడు లోకమునకు వచ్చినది మన పాపముల నిమిత్తము ప్రాణము పెట్టుటకు గదా. ఆయన బహిరంగ పరిచర్య అంతయు కొద్ది ఏండ్లలో ముగిసెను. మరి తండ్రియైన దేవుడు ఆయనను ముప్పది ఏండ్లు ఒక పల్లెటూరిలో ఎందుకు ఉంచెను? దేవునికి తొందర లేదని చెప్పి ఊరకుండుట చాలదు. హేరోదు నగరులో గాని, శాస్త్రుల పాఠశాలలో గాని కాక, ఒక పనివాని ఇంట, తమ్ముల చెల్లెండ్ర నడుమ దేవుని కుమారుడు మనుష్యుడుగా ఎదుగుట తండ్రికి ఇష్టమాయెను. నజరేతు ఎంత ఊరు? కొన్ని వందలమంది కాపురమున్న ఊరని త్రవ్వకములు జరిపిన పండితులలో అనేకుల తలంపు. పాత నిబంధనలో దాని పేరైనను లేదు. ఆ ఊరినుండి మంచిదేదైన రాగలదా అని నతనయేలు సందేహించెను (యోహాను 1:46). తంబళ్లపల్లె చుట్టునున్న మన పల్లెలలో అనేకములు జనసంఖ్యలో నజరేతుకంటె పెద్దవే.

అక్కడ ఆయన ఏమి నేర్చుకొనెను? మార్కు 6వ అధ్యాయములో ఊరివారు ఆయనను వడ్లవాడని పిలిచిరి. గ్రీకు భాషలోని ఆ మాటకు కొయ్యపని మాత్రమే కాక, ఇల్లు కట్టు పని అనియు అర్థము కలదు. రెండవ శతాబ్దమువాడైన జస్టిను అను భక్తుడు యేసు నాగళ్లను కాడిమ్రాకులను చేసెనని వ్రాసెను. నజరేతుకు నాలుగు మైళ్ల దూరములో సెప్ఫోరిస్ అను పట్టణమును ఆ కాలముననే హేరోదు అంతిప తిరిగి కట్టించుచుండెను. నజరేతు పనివారు కూలికి అక్కడికి పోవుచుండిరేమోయని కొందరు పండితులు ఊహించుచున్నారు. ఊహను అటుంచి సువార్తనే చూడుడి. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి వ్యయము లెక్క చూచుకొనునని ఆయన చెప్పెను. సంతవీధిలో కూలికొరకు నిలిచియుండు వారి బేరము ఆయనకు తెలియును. పాతబట్టకు క్రొత్తగుడ్డ మాసిక వేసిన ఏమగునో తెలియును. సొమ్ము వడ్డీకిచ్చు వారి వ్యవహారము తెలియును. అప్పు తీర్చలేనివాని భయము తెలియును. ఇవి దేవాలయములో పండ్రెండేండ్లప్పుడు నేర్చుకొన్నవి కావు. ఇంటిలోను, పనిలోను, బజారులోను, పెద్దలయొద్ద నేర్చుకొన్నవి.

లూకా చెప్పిన నాలుగు విధముల ఎదుగుదలలో మూడింటికి మన యిండ్లలో కొంత ఏర్పాటు కలదు. బుద్ధికి బడి ఉన్నది. ఒడలికి తల్లి పెట్టు రాగి సంగటి ఉన్నది. దేవుని దయకు ఆదివారపు బడియు, వేసవి సెలవులలో వాక్య పాఠశాలయు, ప్రార్థన కూటములును ఉన్నవి. మనుష్యుల దయ అను నాలుగవ దానికి ఎవరు పూచీ? అది తనంతట తానే వచ్చునని బడి అనుకొనుచున్నది, ఇల్లు అనుకొనుచున్నది, సంఘమును అనుకొనుచున్నది. మనుష్యుల దయ అనగా ముఖస్తుతి చేసి మంచివాడనిపించుకొనుట కాదు. పరాయివాడు నమ్మి పని అప్పగింపదగిన వాడుగా ఉండుట. సొమ్ము చేతికిచ్చిన లెక్క చెప్పగలుగుట. అధికారి యెదుట భయపడకయు, పేదవానియెదుట గర్వపడకయు మాటలాడుట. కాదనవలసిన చోట కాదనుట. కష్టము వచ్చినప్పుడు నోరు తెరచి అడుగుట. వీటిని ఇప్పుడు జీవన నైపుణ్యములని పిలుచుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 1990 దశాబ్దములో బడులకొరకు ఇట్టివి పదింటిని ఏర్పరచిరి. నిర్ణయము చేయుట, చిక్కు విప్పుట, చక్కగా మాటలాడుట, తన్ను తాను ఎరుగుట, ఇతరుల బాధ గ్రహించుట, కోపదుఃఖములను అణచుకొనుట మొదలైనవి అందులో ఉన్నవి. ఆ పట్టికను చదివినప్పుడు మాకు సామెతల గ్రంథము జ్ఞాపకము వచ్చెను.

ఇది ఎందుకు ముఖ్యము? మన ప్రాంతము మెట్ట. వాన వచ్చిన వేరుశనగ, బోరులో నీరున్న టమోటా. టమోటా ధర ఎట్టిదో 2023వ సంవత్సరము మనకు చూపినది. ఆ జూలైలో మదనపల్లె మార్కెట్టులో మేలురకము కిలో దాదాపు రెండువందల రూపాయల వరకు పోయెను. రెండు నెలలు తిరుగకముందే కుప్పకూలెను. ఇట్టి జూదమువంటి సేద్యముమీద నిలువలేక మన యౌవనులు బెంగుళూరు బస్సు ఎక్కుచున్నారు. రాయచోటి, కడప వైపువలెనే మన వైపునుండియు కువైటుకు పోవు స్త్రీలు పురుషులు కలరు. పోవుట పాపము కాదు. అబ్రాహాము పోయెను, యాకోబు పోయెను. అయితే ఏమి నేర్చుకొని పోవుచున్నారు? డిగ్రీ పుచ్చుకొన్న కుమారుడు బ్యాంకులో చలాను వ్రాయుటకు ప్రక్కవానిని బ్రతిమాలుచున్నాడు. కువైటుకు పంపెదనను ఏజెంటును, ప్రభుత్వము ఇచ్చిన లైసెన్సు సంఖ్య ఏది, జీతము ఇంతయని వ్రాసిన ఒప్పంద పత్రము ఏది అని అడుగుటకు నోరు రాక, తల్లి మెడలోని సరుడు తాకట్టు పెట్టి సొమ్ము కట్టుచున్నాడు. వానికి బైబిలులోని అరువదియారు గ్రంథముల పేర్లు వరుసగా వచ్చును. అది మంచిదే. ఈ రెండవది కూడ వానికి రావలెనని మేము కోరుచున్నాము.

ఇట్టివి ఉపన్యాసములవలన వచ్చునని తలంచి, ఏటికి ఒకమారు షామియానా వేయించి, పట్టణమునుండి ప్రసంగికుని పిలిపించి, యువజన సదస్సు జరిపించుట కలదు. భోజనములు బాగుగా ఉండును. మధ్యాహ్నము మూడు గంటలకు వెనుక వరుసలలోనివారు ఐతుకువలె నిద్రించుచుందురు. (పౌలు ప్రసంగమునకే ఐతుకు కిటికీలో నిద్రపోయి క్రిందపడెను, మన ప్రసంగములు ఎంత!) మరుసటి దినమున ఏమి మిగిలెను అని అడిగిన, చేతిసంచియు బ్యాడ్జియు చూపుదురు.

నైపుణ్యము చేతికి పని వచ్చినప్పుడు పుట్టును. దీనికి సాక్షులు మన తల్లులే. 1982లో ప్రభుత్వము డ్వాక్రా పథకమును ప్రారంభించినను, మన జిల్లాలలో ఊరూర ఆ సంఘములు విస్తరించినది 1990 దశాబ్దములో. అంతకుముందు వేలిముద్ర వేసిన స్త్రీలు సంతకము నేర్చుకొనిరి. పొదుపు పుస్తకము వ్రాయించుకొనిరి, చదివించుకొనిరి, తప్పు పట్టిరి. బ్యాంకు మేనేజరు గది వాకిట నిలుచుటకు జంకినవారు కుర్చీ లాగుకొని కూర్చుండి మాటలాడిరి. ధైర్యమును గూర్చి వారికెవరు ఉపన్యాసమిచ్చిరి? పుస్తకము చేతిలో పెట్టిరి, నెలనెల లెక్క అడిగిరి, అంతే. అప్పులు, వాయిదాలు, తగవులు ఆ సంఘములలోను లేకపోలేదు. అయినను నోరులేని తల్లికి నోరు వచ్చెనన్నది మన కన్నులయెదుట జరిగినదే.

మన సంఘచరిత్రలోను ఇదియే కనబడును. 1853లో స్థాపింపబడిన ఆర్కాటు మిషనువారు సువార్తతోబాటు బడిని, ఆసుపత్రిని, పనిశాలను తెచ్చిరి. కాట్పాడిలో వడ్రంగము, కమ్మరము నేర్పు శాలయు, వ్యవసాయ శాలయు నడిపిరి. 1863లో మదనపల్లెకు వచ్చిన డాక్టరు జేకబ్ ఛాంబర్లేను దొర ఒక చేత మందులపెట్టె, ఒక చేత తెలుగు బైబిలు పట్టుకొని తిరిగిన సంగతి మన పెద్దలు చెప్పుకొనుచుండిరి. ఆత్మకు ఒకరు, ఆకలికి మరియొకరు అని వారు విడదీయలేదు. 1876లో సేలములో పుట్టిన కె. టి. పాల్ గారు వై.ఎమ్.సి.ఎ.కు దేశములో మొదటి భారతీయ ప్రధాన కార్యదర్శియై, పల్లెలలో సహకార సంఘములను, పని నేర్పు కేంద్రములను పెట్టించుటకు పాటుపడిరి. వై.ఎమ్.సి.ఎ. పుట్టుకయు మనకు దూరమైనది కాదు. 1844లో లండనులో దానిని ప్రారంభించిన జార్జి విలియమ్సు ఒక రైతు కుమారుడు. పల్లెనుండి పట్టణమునకు పోయి బట్టల అంగడిలో పనిచేయుచుండెను. ఆయన అప్పటి వయస్సు ఇరువదిరెండు. నేడు బెంగుళూరు అంగళ్లలో నిలువు కాళ్లమీద పనిచేయు మన పిల్లలవంటివాడే.

వీటన్నిటిలో మాకు మిక్కిలి ఇష్టమైనది క్రిస్టియన్ ఎండీవర్ సంఘపు పద్ధతి. 1881 ఫిబ్రవరి 2వ తేదీన అమెరికాలోని పోర్ట్‌లాండు అను పట్టణమున ఫ్రాన్సిస్ క్లార్కు అను పాదిరిగారు తన ఇంట యౌవనులను చేర్చి దీనిని మొదలుపెట్టిరి. సభ్యుడైనవాడు ప్రతి కూటములో ఏదో ఒక పాలు తీసికొనవలెననియు, నలుగురితో కలిసి పాట పాడుట దానికి లెక్కకు రాదనియు వారి నిబంధన. ఎంత తెలివిగల నిబంధన! పాటలో గొంతు కలుపుట ఎవరికైనను సులభము. ఒంటరిగా లేచి రెండు మాటలు చెప్పుట, రోగిని చూచివచ్చి సంగతి తెలుపుట, కానుక లెక్క చదువుట, వీటిలో మనిషి బయటపడును. పని పంచుటకు చిన్న చిన్న కమిటీలు ఉండెను. పదునారేండ్ల పిల్లకును ఒక బాధ్యత ఉండెను. ఇప్పుడు అనేక సంఘములలో యువజనులనగా గిటారు, డ్రమ్ములు, మైకు అన్నంతవరకే వచ్చినది. వాద్యములకు మేము విరోధులము కాము, గాని పాట లెక్కకు రాదన్న ఆ పాతమాట మనము మరువకూడదు.

మన పొరుగుననే ఇంకొక చక్కని మాదిరి కలదు. కురబలకోట మండలములోని రిషివ్యాలీవారు తమ చుట్టునున్న పల్లెల పిల్లలకొరకు చిన్న చిన్న బడులను నడుపుచున్నారు. ఒక్క గదిలో పలు తరగతుల పిల్లలు కూర్చుందురు. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పుదురు. కార్డులను బట్టి ఎవరి మెట్టు వారు ఎక్కుదురు. వారు జరుపు కొలతల మేళాలో పిల్లలే అంగళ్లు పెట్టి, తూచి, కొలిచి, లెక్క కట్టుదురు. ఊరివారు వచ్చి చూతురు. కుప్పము దగ్గర అగస్త్య సంస్థవారును 1999 మొదలుకొని పల్లె పిల్లలకు చేతులతో చేసి చూచు విధముగా విజ్ఞానము నేర్పుచు, పిల్లలచేతనే పిల్లలకు చెప్పించుచున్నారు. ఈ సంస్థలు క్రైస్తవ సంస్థలు కావు. ఐగుప్తీయుల విద్య మోషేకు కీడు చేయలేదు (అపొస్తలుల కార్యములు 7:22). వీరియొద్ద నేర్చుకొనిన మనకును కీడు రాదు.

కొలతల మేళా అనగానే మాకు తోచినది మన కోత పండుగ. సహోదరులారా, అట్టి మేళా తరతరములుగా మనకు ఉన్నది! గుమ్మడికాయలు, రాగులు, వేరుశనగకాయలు, చింతపండు, టమోటా గంపలు, కాళ్లు కట్టిన కోళ్లు బలిపీఠము ముందర చేరును. ఆరాధన అయిన తరువాత వేలంపాట. నూరు రూపాయల గుమ్మడికాయ ప్రేమతో ఆరువందలకు పోవును. అందులో తూకమున్నది, ధర ఉన్నది, రశీదు ఉన్నది, బాకీ ఉన్నది, నలుగురి యెదుట గొంతెత్తి పలుకుట ఉన్నది, తగవు రాకుండ తీర్చుట ఉన్నది. ఏండ్ల తరబడి ఆ పనులన్నియు ఇద్దరు ముగ్గురు పెద్దలే చేయుట ఆచారము. యౌవనులు కుర్చీలు మోయుదురు.

కొన్ని ఏండ్ల క్రిందట మన సంఘములలో ఒకదానిలో వేలము పుస్తకము వ్రాయుటకు ఒక యౌవనుని కూర్చుండబెట్టిరి. ప్రక్కన ఒక పెద్దాయన కూర్చుండెను. ఆయన చదివినది ఐదవ తరగతి. అయితే నోటిలెక్కలో ఆయనను మించినవారు లేరు. పండుగ ముగిసిన తరువాత బాకీలు వసూలు చేయుటకు ఇద్దరును మూడు నెలలు ఇల్లిల్లు తిరిగిరి. ఈ తిరుగుటలో వారికి చనువు ఏర్పడెను. ఆ మరుసటి వేసవిలో ఒకనాటి రాత్రి పదిగంటలకు ఆ పిల్లవాడు పెద్దాయన తలుపు తట్టెను. సెల్‌ఫోనులోని అప్పుల యాపులలో ఐదువేలు తీసికొనెను. దానిని తీర్చుటకు మరియొకదానిలో, దానిని తీర్చుటకు ఇంకొకదానిలో. ఫోనులోని పేర్లన్నియు వారు లాగుకొని, అక్కకు, మేనమామకు, చదువు చెప్పిన అయ్యవారికి తిట్లు పంపుచుండిరి. తండ్రితో చెప్పుటకు ధైర్యము లేదు. ఆ రాత్రి ఎటు పోవలెనని బయలుదేరెనో వాడు తరువాత చెప్పెను. దానిని ఇక్కడ వ్రాయము.

పెద్దాయన కేకలు వేయలేదు. "కూచో నాయనా. ఎవురికి, ఎంత ఇయ్యాల? పుస్తకం తీ, రాయి" అనెను. వేలము పుస్తకము చివరి పుటలోనే ఇద్దరును కూర్చుండి వ్రాసిరి. పదకొండు పేర్లు తేలెను. తెల్లవారిన తరువాత తండ్రితో చెప్పిరి, మాతోను చెప్పిరి. 1930 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించిరి, పోలీసు స్టేషనుకు పోయిరి. అప్పిచ్చు యాపులు ఫోనులోని పేర్లను, ఫోటోలను ముట్టరాదని రిజర్వు బ్యాంకు 2022లోనే నియమము పెట్టెననియు, సొమ్ము అనుమతిగల సంస్థనుండి నేరుగా అప్పు తీసికొనువాని ఖాతాకే రావలెననియు అప్పుడు తెలిసికొనిరి. న్యాయమైన అప్పును తండ్రి ఒక ఆవును అమ్మి తీర్చెను. పిల్లవాడు ఇప్పుడు పనిచేసికొనుచున్నాడు.

రెండవ రాజుల గ్రంథము 6వ అధ్యాయములో ప్రవక్తల శిష్యులు యొర్దాను ఒడ్డున మ్రానులు నరుకుచుండగా ఒకని గొడ్డలి ఊడి నీళ్లలో పడెను. అది ఎరువు తెచ్చినదని వాడు మొరపెట్టెను. ఎలీషా ఏమనెను? ఎరువెందుకు తెచ్చితివి అనలేదు, పిడి ఎందుకు బిగించుకొనలేదు అనలేదు. ఎక్కడ పడెనో చూపుమని అడిగెను. ఆ పిల్లవాడు అడుగగలుగుటకును కారణము కలదు. ఎలీషా వారితోకూడ మ్రానులు నరుకు చోటికి వచ్చియుండెను. మీరు వెళ్లుడని పంపి ఇంట కూర్చుండలేదు. తోడురమ్మని వారు వేడగా వచ్చెదనని వెళ్లెను (3, 4 వచనములు). యౌవనులతో కలిసి పనిచేసిన పెద్దకు వారి గొడ్డలి ఎక్కడ పడెనో మొదట తెలియును. ప్రసంగపీఠమునుండి చూచువానికి అది కనబడదు.

ఇంటర్మీడియెటు ఫలితములు వచ్చు దినములలో ఇది ప్రాణములకు సంబంధించిన మాట. తప్పిన పిల్లవాడు గది తలుపు మూసికొనినప్పుడు వాడు తలుపు తీయగల మనిషి ఒక్కడైనను ఊరిలో ఉండవలెను. ప్రభుత్వము 2022లో ఏర్పరచిన టెలి మానస్ అను సహాయము కలదు. 14416కు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును, ఖర్చు లేదు. ఆ సంఖ్యను గుడి తలుపుమీద వ్రాయించుట మంచిది. దేవుని మందిరపు గోడకు అది తగదని ఎవరును అనుకొనరాదు.

కాదనుటను గూర్చి ఒక మాట. దానియేలు మొదటి అధ్యాయమును మనము ధైర్యమునకు మాదిరిగా బోధించుచున్నాము. దానియేలు ఎట్లు కాదనెనో కూడ చూడవలెను. పళ్లెము తోసివేయలేదు. నపుంసకుల యధిపతియొద్దకు పోయి మర్యాదగా మనవి చేసెను. ఆయన భయమును విని, ఆయన తల ముప్పులో పడకుండునట్లు, పది దినములు పరీక్షించి చూడుమని పైవిచారణకర్తకు ఒక దారి చూపెను. ఎదుటివాని బాధను గ్రహించి, తన మాట మీద తాను నిలిచి, మధ్యమార్గము చెప్పుట! మన యౌవనులు స్నేహితులు సీసా చేతికిచ్చునప్పుడును, ఫోనులో పందెములు కాయుదము రమ్మనునప్పుడును కాదనుటకు సిగ్గుపడి పడిపోవుచున్నారు గాని, అది తప్పని తెలియక కాదు. డబ్బు పందెముల ఆటలను నిషేధించుచు 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టము చేసినది. చట్టము యాపును మూయగలదు, నోటికి మాట ఇయ్యలేదు. ఆ మాటను కూటములో ఇద్దరిద్దరుగా నిలువబెట్టి, నీవు పిలువుము, నీవు కాదనుము అని అభ్యాసము చేయించవచ్చును. నవ్వులాటగానే మొదలగును, నవ్వనిండు.

ఆడపిల్లల సంగతి మరువకూడదు. యువజన సంఘమని పేరు పెట్టి మగపిల్లలను మాత్రమే చేర్చుకొని, ఆడపిల్లలను వాకిలి ఊడ్చుటకు, వంటకు నియమించుట అనేక చోట్ల కనబడుచున్నది. పదునెనిమిది ఏండ్లు నిండక పెండ్లి చేయరాదని 2006 చట్టము చెప్పుచున్నది. మన పల్లెలలో పదవ తరగతి కాగానే సంబంధములు మొదలగుచున్నవి. ఆ పిల్ల తండ్రితో, "నాయనా, ఇంకా రెండేండ్లు చదువుకుంటా" అని కన్నీళ్లు పెట్టక, కోపపడక చెప్పగలుగవలెను. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే యెదుట, సర్వ సమాజము యెదుట నిలిచి తమ న్యాయము చెప్పుకొనిరి (సంఖ్యాకాండము 27). వారి మాట యుక్తమేయని యెహోవా సెలవిచ్చెను. వారు ఆ మాటను ఆ దినముననే మొదటిసారి నోట పలికియుందురని మేము తలంచము. అక్కచెల్లెండ్రు గుడారములో ఎన్ని రాత్రులు సరిచూచుకొనిరో!

ఇవి లోకసంబంధమైనవి, మన పని సువార్త గదా అని కొందరు పెద్దలు అందురు. వారి భయములో న్యాయమున్నది. క్రీస్తు లేని తెలివి మోసగానికిని ఉండును. లెక్క బాగుగా వచ్చినవాడే లెక్క మార్చగలడు. కాబట్టియే ఇవి గుడి నీడలో, ప్రార్థనతో, పెద్దల ప్రక్కన నేర్పవలెను. మరికొందరు, పిల్లలు లెక్క తప్పుదురు, సంఘపు సొమ్ము పోవును అందురు. తప్పుదురు. అందుకే ప్రక్కన పెద్ద ఉండవలెను. పెన్సిలుతో వ్రాయించి పిదప సిరా పెట్టించవలెను. ముప్పది రూపాయల తప్పు ఇక్కడ చేసి దిద్దుకొన్నవాడు, బెంగుళూరులో ముప్పదివేల తప్పు చేయకుండును.

ఈ యేటి కోత పండుగకు మన పాస్టరేటులో ఏర్పాటు ఇట్లు ఉండును. ప్రతి సంఘమునుండి పదునారేండ్లు దాటిన ఒక అబ్బాయి, ఒక అమ్మాయి వేలము పుస్తకమునకు ఉందురు. ఒక పెద్ద వారి ప్రక్కన కూర్చుండును. కలము మాత్రము పెద్దచేతికి రాకూడదు. పాట పాడువారు వేరుగా ఇద్దరు. బాకీలు వసూలైన తరువాత లెక్కను ఆ యౌవనులే ఆదివారము సభయెదుట చదువుదురు. ఎవరైనను ప్రశ్న అడుగవచ్చును, వారే ఉత్తరము చెప్పుదురు. పండుగకు ముందు నాలుగు శనివారముల సాయంకాలములు కూడుకొందుము. ఒకనాడు బ్యాంకు కాగితములు నింపుట; ఒకనాడు పనికి దరఖాస్తు వ్రాసి, ఎదుట కూర్చున్నవానికి తన్ను గూర్చి తాను చెప్పుకొనుట; ఒకనాడు కాదనుట. నాలుగవ దానికి బదులుగా ఒక తెల్లవారుజామున మదనపల్లె టమోటా మార్కెట్టుకు పోయి, క్రేట్లు ఎట్లు దిగునో, పాట ఎట్లు నడచునో, కమీషను ఎట్లు పట్టుకొందురో చూచి, చీటీలు చదివి వచ్చెదము. బస్సు ఛార్జీ ఎవరిది వారే తెచ్చుకొనవలెను. రాలేనివారు ముందుగా మెల్లగా మాతో చెప్పిన చాలును.

పేర్లు ఈ నెల చివరి ఆదివారములోగా ఉపదేశులకు ఇయ్యవలెను. ఆడపిల్లల తలిదండ్రులు ఏవైన సందేహములున్నయెడల ఇంటికి వచ్చి మాటలాడవచ్చును. మా యింటి తల్లిగారు ఆ నాలుగు దినములును వారితోకూడ ఉందురు. ఒక మంచి తక్కెడ కావలసియున్నది. పాతదానికి ఒక సిబ్బె వంగినది. ఎవరియింటనైనను పనికివచ్చు తక్కెడయు, ఐదు కిలోల వరకు రాళ్లును ఉన్నయెడల పండుగ దినమునకు ఎరువియ్యగోరుచున్నాము. ఎరువు తెచ్చినది గనుక, జాగ్రత్తగా తిరిగి చేర్చెదము.